బెంచి వచ్చాదంట

కర్నూలు జిల్లా కోర్టు వరండాలో
మూడు కాళ్ల బెంచి ఒకటుంది.
నాలుగో కాలు చోట రెండు ఇటుకలు,
ఇటుకల మీద మడిచిన పాత వకాల్తా కాయితం.
ముప్పై ఏండ్లుగా దాని మీదే కూచుని
కేసు కట్టలకు తాడు కడుతున్నా.
మద్దిలేటిని. శేషఫణి వకీలు గారి గుమాస్తాను.

కోసిగి నుంచి ఉరుకుందమ్మ వచ్చింది.
యూరియా సంచిలో డిక్రీ నకలు,
దాని మీద రెండు జొన్నరొట్టెలు.
"ఏమప్పా, మన ఐటం ఎప్పుడొచ్చాది?"

ఎన్నిసార్లు చెప్పినా
మళ్లీ మెట్లన్నీ ఎక్కించి చెప్పాలి.
ఆదోనిలో గెలిచినామమ్మా,
ఇక్కడ జిల్లా జడ్జి దగ్గర ఓడినాము,
పైన రెండో అప్పీలు.
అక్కడ కొన్నింటికి ఒక్క జడ్జే కూచుంటాడు,
కొన్నింటికి ఇద్దరు.
ఇద్దరికీ పొంతన కుదరకుంటే మూడో ఆయన.
చట్టమే రెండు నాలుకలతో మాట్లాడిన రోజు
ముగ్గురో ఐదుగురో కూచుని
ఏది నాలుకో తేల్చాలి.
ఎవరి ముందుకు ఏ కేసు పోవాలో
పెద్ద జడ్జి గారు పంచుతారు.

"కాలవ నీళ్లు పంచే నీరుగట్టి మాదిరా?"
అవునమ్మా, నీరుగట్టే.
కాకుంటే గట్టు మీద మనకు కనపడడు.

ఎండాకాలం ముందు ఒకసారి
మన నంబరు నలభై మూడు.
నలభై ఒకటి కాడ పొద్దు గూకింది.
మరుసటి వారం రోస్టరు మారింది,
మన కట్ట చదివినాయన బెయిళ్లకు పోయినాడు,
ఆ తర్వాత బదిలీ మీద ఇంకో రాష్ట్రానికే పోయినాడు.
కొత్తాయన మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల.

ఆమె కాసేపు ఏమీ అనలేదు.
"మొదటి పేజీలో ఆయప్ప
బతికే ఉండాడు గదా" అంది.

పన్నెండు అడుగుల బండిబాట కోసం
ఈ కొట్లాట.
ఆ పన్నెండు అడుగులు నడవడానికి
రాత్రి బస్సులో నంద్యాల, నల్లమల,
గిద్దలూరులో టీ, వినుకొండలో కోడికూత.
వాళ్ల తాత ఇంకేదో గట్టు తగాదాకు
మద్రాసు రైలెక్కినాడంట.
తర్వాత రెండేండ్లు గుంటూరు అన్నారు,
తర్వాత హైదరాబాదు,
ఇప్పుడు కృష్ణ ఒడ్డున నేలపాడు.
కోర్టు మూడుసార్లు మూట కట్టుకుని లేచింది.
కోసిగి మాత్రం కోసిగిలోనే ఉంది.

తుంగభద్ర కూడా ఒకసారి వచ్చింది ఇక్కడికి,
రెండువేల తొమ్మిదిలో, పిలవకుండానే.
ఒక రాత్రంతా రికార్డు గదిలో కూచుని
కట్టలన్నీ చదివి
తీర్పు చెప్పకుండా వెనక్కి పోయింది.
అట్టల మీద ఆ గీత ఇప్పటికీ ఉంది.
దాని కింద అక్షరాలు
చెమట పట్టిన సాక్షి మాటల్లా
ఒకదాంట్లోకి ఒకటి జారిపోయి ఉంటాయి.

గేటు కాడ నల్లకోట్ల టెంటు.
ఈ రోజు దీక్షలో మా సారు వంతు.
మైకు గరగరమంటా ఉంది.
"ఏం కావాలంట వాళ్లకు?"
బెంచి కావాలంట తల్లీ.
పెద్దకోర్టు జడ్జిలు కొందరు
ఇక్కడికే వచ్చి కూచుంటే
నువ్వు పొద్దున బయల్దేరి
సందకాడికి ఇల్లు చేరొచ్చు.
బెంచి వచ్చాదంట.
నేను గుమాస్తాగా చేరిన నాడు కూడా
వచ్చాదంట అనే అన్నారు.

ఆమె వంగి
మేం కూచున్న దాని కిందికి చూసింది.
"ఉన్నదానికే కాలు లేదు గదప్పా."

నవ్వినాను. ఆమె నవ్వలేదు.
రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది.
వాయిదా తేదీ బస్సు టికెట్ వెనక రాసిచ్చినా,
ఆమె చదవలేదు,
చెంగున ముడేసుకుంది.

ఐదింటి రైలుకు టైమయింది.
సంచి సర్దుకుంటా ఉంది.
లేచేటప్పుడు చెప్పి లెయ్యమ్మా,
ఈ పక్కన బరువు లేకుంటే
నేను పడతా.