పేలాలు

మా ఇంటికి ఆరు చక్రాలు.
ముందట మౌలాలి, స్టీరింగు, ఎండిన నిమ్మకాయ.
ఎనుక డబ్బాల నడుమ ఒక పలక.
పలకకు ఇవతల నేను, పొయ్యి, రెండు బొంతలు,
అవతల సితార, బుడ్డి.
సందులకెళ్ళి వాటి ఊపిరి
రాత్రంత నా మెడ మీద పడుతది,
చలికాలం దుప్పటి, ఎండకాలం తిట్టు.

జడ్చర్ల కెళ్ళి ఎల్లినం.
కల్వకుర్తిల ఒక లగ్గం, వెల్దండల ఒక లగ్గం,
చింతపల్లి కాడ పిల్లగాని మేనమామ అలిగి
ముహూర్తం దాటిన లగ్గం, పైసలు సగమే ఇచ్చిండ్రు.
మీదే ఊరు అని అడిగితె
మౌలాలి బండి నంబరు చూపిస్తడు.
రేషన్ మిషన్ల ఏలు పెట్టనీకె
ఆరు నెల్లకొకసారి మా ఆడిబిడ్డ ఇంటికి పోతం.
ఆమె మంచిగ చాప ఏస్తది, ఫ్యానేస్తది,
నాకు నిద్ర రాదు.
ఆ నేల కదలదు.
గుర్రాలు నిలబడే నిద్రపోతయి గద,
అవి కాలు మార్చినప్పుడల్ల
మా ఇల్లు తొట్టెల లెక్క ఊగుతది,
ఆడిబిడ్డ ఇంట్ల అర్ధరాత్రి
ఎవ్వరూ కాలు మార్చరు.

సితారకు పదిహేడేండ్లు.
ఎడమ మోకాలు వాచింది.
బ్యాండు మోగితె చెవులు లేపుతది గని కాళ్ళు లేపదు.
మాల్ అంగడిల బేరగాడు దాని పండ్లు చూసి
ముసలిదాన్ని కొననీకె ఎందుకో తొందరపడ్డడు.
మౌలాలి పగ్గం గుంజుకొని తోలుకొచ్చిండు.
ఆ రాత్రి గుగ్గిళ్ళు దానికి రెండు దోసిళ్ళు ఎక్కువ,
నాతోటి ఒక్క మాట లేదు.

మల్లేపల్లి చౌరస్త కాడ
డీజిల్ కోసం ఆగినం.
డప్పులు.
లగ్గమనుకున్నం, చూస్తె పాడె.
నా చేతిల చాయ్ ఒలికింది,
బండి ఊగుతున్నది.
పలకవతల సితార
మెడ వంచి, ఎడమ కాలు, కుడి కాలు,
మళ్ళ ఎడమ కాలు,
గజ్జెలు మూటల ఉన్నయి
రేకు మీద డెక్కలే మోగుతున్నయి.

మౌలాలి ఉరికిపోయి చేతులు జోడించిండు,
తప్పయింది, నోరు లేని జీవి, దానికేం ఎరుక.
సచ్చిపోయినాయిన బిడ్డ, పేరు సాయవ్వనంట,
కొంగుతోని ముక్కు తుడుసుకొని అన్నది:
మా నాయినను లగ్గంల గుర్రమెక్కనియ్యలే ఊరోళ్ళు.
దించుండ్రి దాన్ని.

రేకు తలుపు పడ్డది.
సితార దిగింది.
తాళ్ళ తోపు దాక పాడె ముందట
వాచిన మోకాలుతోని ఆడింది,
డప్పు కొట్టెటోళ్ళు దాని కాళ్ళు చూసి
దెబ్బ మార్చుకున్నరు.
తొవ్వల చల్లిన పేలాలు
తల వంచి ఒక్కొక్కటి ఏరుకొని తిన్నది.
అపశకునమని ఎవరో గొణిగిండ్రు.
సాయవ్వ ఇంకొక పిడికెడు
దాని మూతి ముందటనే చల్లింది.
మౌలాలి పైసలు ముట్టలే.

దేవరకొండల పొద్దుమీకి లగ్గం.
ఎవరికీ చెప్పలే.
బోరు కాడ కడిగినం, మఖ్మల్ కప్పినం,
నుదుట అద్దాల పట్టీ కట్టినం.
పిల్లగాడు ఎక్కిండు, బ్యాండోళ్ళు గుండెలు పగిలేటట్టు ఊదిండ్రు.
సితార ఒక్క అడుగు లేపలే.
నడిచింది, అంతే,
బియ్యం బస్తా మోసినట్టు.
కళ్ళెం ఇప్పుతుంటె దాని పెదిమె ఎంట్రుకలకు
ఒక పేలగింజ అంటుకొని ఉన్నది.
తీసి నోట్ల ఏసుకున్న.
ఉప్పు లేదు, తీపి లేదు.

ఇప్పుడు హాలియ తొవ్వల
కాలువ పక్కకు బండి ఆపినం.
మౌలాలి గురక పెడుతున్నడు.
పలకవతల ఎవరు కాలు మార్చినా
ఎవరిదో నాకు ఎరుకైతది.
బుడ్డి మార్చింది.
మళ్ళ బుడ్డే.
పలకకు చెవి ఆనిచ్చి
ఇంకొక కాలు కోసం కూసున్న.