అసాధారణం

రాయదుర్గం మెట్రో ఆఖరి బండి వెళ్ళిపోయాక
పదకొండో అంతస్తులో మేం ముగ్గురం, ఏసీ హోరు.
మబ్బుకు కాపలా, అని చెప్పాను అమ్మకి.
మబ్బును ఎవడెత్తుకపోతడు బిడ్డా, అంది.

కొత్త కవచం తొడిగి తొమ్మిది రోజులైంది.
ఎవరు ఏ వేళకు లోపలికొస్తారో
ఏ ఫైలు ముట్టుకుంటారో, ఎక్కడ తటపటాయిస్తారో
అన్నీ బట్టీపట్టి
లెక్క తప్పితే ఎర్రగా కళ్ళురుముతుంది.

రెండూ నలభైకి ఉరిమింది.
మెహజబీన్, జీతాల విభాగం.
ఎన్నడూ రాని వేళ, ఎరగని వైఫై,
నాలుగు వందల పన్నెండు మంది జీతాల చిట్టా
ఒక్క గుక్కలో.
ఆపెయ్యమంటోంది తెర.
మీట మీదే ఉంది వేలు.

వేలు తీసి ఫోన్ చేశాను.
"నీలోఫర్ దవాఖానల ఉన్న భయ్యా," గుసగుస.
వెనక నెబ్యులైజర్ బుస, పసి దగ్గు.
ఉద్యోగి నంబరు అడిగితే చెప్పింది,
అడక్కుండానే వార్డు నంబరూ చెప్పింది.
"రేపు ఒకటో తారీఖు గదా. జీతాలు ఆగొద్దు."

తలుపు తెరిచే ఉంచాను.
కారణం రాయమంది గడి:
దొంగా? పొరపాటా?
ఎంచుకోడానికి రెండే ఉన్నాయి.
పొరపాటు అని నొక్కాను
ఎవరిదో చెప్పకుండా.

వచ్చే నెలకి దానికీ తెలిసిపోతుంది
ఈమె రాత్రుళ్ళు మేలుకునే ఉంటుందని.
మామూలే అనుకుని
ఊరుకుంటుంది.

నాలుగింటికి కింద పాలవ్యాను ఆగింది.
మెహజబీన్ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క
ఇంకా వెలుగుతోంది.