కొవ్వు

"దీనికి కొవ్వెక్కువ" అనేది మా నాయనమ్మ,
గోడ దూకిన మేకపిల్లనైనా, ఎదురు చెప్పిన నన్నైనా.
జీలాంగ్ ఆస్పత్రి అడుగు అంతస్తులో
స్లైడు మీద ఎర్రరంగు పోసి
కింద మంట చూపిస్తున్నప్పుడల్లా
ఆ మాటే చెవిలో పడుతుంది.

మరగకూడదు. ఆవిరి లేవాలి, అంతే.
ఐదు నిమిషాలాగి, ఆమ్లం.
మిగతా సూక్ష్మజీవులన్నీ రంగు వదిలేస్తాయి
మొదటి ఉతుక్కే వెలిసిపోయే చవక చీరల్లా.
ఇది వదలదు.
దున్నపోతు మీద వాన.
నీలిరంగు అద్దాక, ఆ నీలంలో
ఎర్రటి సన్నపుల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని
ఎవరో సగం అల్లి వదిలేసిన జడ.

ఒళ్లంతా మైనం పూసుకొచ్చిన వంశం ఇది.
గోడకు కొవ్వే ఇటుక, కొవ్వే సున్నం.
కావలి కణం మింగినా అరగదు,
మింగినవాడి కడుపులోనే కాపురం పెడుతుంది.
క్షయది ఆ ఇల్లే. కుష్టుదీ ఆ ఇల్లే.

మౌరీన్ ట్రెగేర్ చీలమండలో దొరికింది మాత్రం
ఆ ఇంటి పినతల్లి బిడ్డ.
గోడకున్న కొవ్వు చాలక
ఇంకో కొవ్వు వండి వీధిలోకి పంపుతుంది.
అది కొరకదు, కాల్చదు.
కణం గుమ్మంలో నిలబడి
లోపలి కబురు బయటికి పోకుండా
నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది.
దారిలో నరం కనిపిస్తే జోకొడుతుంది.

మౌరీన్ మా ఇంటావిడ.
పాయింట్ లాన్స్‌డేల్‌లో ఆమె పెరటి గది నాది.
ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి,
రాత్రిళ్లు కంచె మీద నడిచే పాసమ్‌ని
పేరు పెట్టి మరీ తిడుతుంది.
ఎండాకాలంలో దోమ కుట్టి ఉంటుంది, ఎవరికి గుర్తు?
జూన్‌లో చిన్న బొబ్బ.
జులైలో నాణెమంత పుండు.
"నొప్పి లేదుగా, డాక్టరెందుకు" అంటూ
మోకాళ్ల మీద కూచుని గులాబీ కొమ్మలు కత్తిరించింది.
నేనూ సరేనన్నాను.
పదకొండేళ్లుగా వీటి మొహాలే చూస్తున్నదాన్ని
నేను, సరేనన్నాను.

పట్టీ మార్చే నర్సు అంచు ఎత్తి చూస్తే
పైకి నాణెం, లోపల అరచెయ్యంత సొరంగం.

ఆ గురువారం ఫారం మీద పేరు చదివాక
రంగు పోసే చెయ్యి కొంచెంసేపు ఆగింది.
మా రికార్డు పుస్తకంలో
ఆ కొంచెంసేపటికి గడి లేదు.

రెండు రకాల మాత్రలు, ఎనిమిది వారాలు.
మూత్రం నారింజ రంగులో వస్తోందని
వీధిలో అందరికీ చెప్పింది, గొప్పగా.
కాలు కుర్చీ మీద పెట్టి క్రికెట్ చూసింది.
పుండు మానుతోందో లేదో ఆమెకు తెలీదు,
నాకూ తెలీదు.
అడుగుదామంటే ఆ కాలు నోరు విప్పదు.

ఏడో వారం, రాత్రి రెండుకి తలుపు కొట్టింది.
సముద్రం మీద మంచు, ఎక్కడో ఓడ బూర.
గడప పట్టుకుని, చెప్పుల్లేకుండా,
"నొప్పి" అంది. "నిజం నొప్పి. నిప్పు."
డాక్టరుకి ఫోన్ చేస్తూ
నా గొంతులోని సంతోషాన్ని దాచలేకపోయాను.
మందు పనిచేస్తుంటే ఒక్కోసారి ఇలాగే మండుతుందని
చెబుదామనుకున్నాను.
ఆమె మొహం చూసి చెప్పలేదు.

నాయనమ్మా, కొవ్వు దిగుతోందే.

తెల్లారేదాకా తిట్టింది మౌరీన్:
దోమని, పాసమ్‌ని, మున్సిపాలిటీని, నన్ను.
ముఖ్యంగా నన్ను.
లైటు దగ్గరికి జరుపుకుని
కట్టు విప్పుతూ కూచున్నాను.
తడి గుడ్డ పొర పొరకీ
కాలు వెనక్కి లాక్కుంటోంది.
లాక్కోనిచ్చాను.