ఉత్తమ పురుష

డాండినాంగ్ కోర్టులో నాది గంటల లెక్క కూలి.
నియమం ఒక్కటే: ఆమె "నేను" అంటే
నేనూ "నేను" అనాలి.
"ఆమె చెబుతోంది" అనకూడదు.
కలపకూడదు, తీసెయ్యకూడదు, ఓదార్చకూడదు.
వ్యాకరణంలో ఈ "నేను"ని ఉత్తమ పురుష అంటారు.
ఎవరు పెట్టారో ఆ పేరు.

జూలై. వాన అడ్డంగా కొడుతోంది.
జాబితాలో పద్నాలుగో కేసు.
పేరు చెప్పను, అదీ నియమమే.
అరచేతుల మీదికి లాక్కున్న స్వెట్టర్ చేతులు.
ఒళ్లో పిల్లాడి టిఫిన్ డబ్బా,
పన్నెండున్నరకల్లా స్కూల్లో ఇచ్చెయ్యాలట.

ఆ రాత్రి ఏం జరిగిందని మేజిస్ట్రేటు అడిగింది.
"ఆయనకి కోపమొచ్చింది. చెయ్యి చేసుకున్నాడండీ."

ఆగిపోయాను.
వంట చేసుకుంటాం, పూజ చేసుకుంటాం, పెళ్లి చేసుకుంటాం,
చెయ్యి కూడా చేసుకుంటాం మేము.
కోపం దానంతటదే వస్తుంది మా దగ్గర,
వానొచ్చినట్టు, చుట్టమొచ్చినట్టు.
వాడున్నాడు, వాడి చెయ్యి ఉంది,
తగిలిన చోటు మాత్రం వాక్యంలో లేదు.

"హీ హిట్ మీ" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.
"అంతేనా? ఇంగ్లీషులో అంత చిన్నదా ఆ మాట?"

అది నన్నడిగిన ప్రశ్న.
అయినా నియమం నియమమే, అదీ ఇంగ్లీషులో అప్పజెప్పాను.
టైపు చేస్తున్న క్లర్కు వేళ్లు ఆగాయి.
ఎవరి కుర్చీయో కిర్రుమంది.

అప్పుడామె, గొంతు పెంచకుండా,
"నన్ను కొట్టాడు" అంది. "నన్ను" ముందు పెట్టి.
నన్ను బాల్కనీలో ఉంచి తాళం వేశాడు, చలికాలం.
నన్ను మా అమ్మతో మాట్లాడనివ్వలేదు.
నా పాస్‌పోర్టు, నా కార్డు.
ఏడేళ్లు.
ఆమె వెనకాలే నేనూ,
ఆమె కంటే అర నిమిషం ఆలస్యంగా దెబ్బలు తింటూ.

ఆర్డరు ఇచ్చారు. రెండొందల మీటర్ల లోపలికి రాకూడదు.
"రెండొందల మీటర్లంటే ఎంతండీ?"
లాయరు కెర్రిగన్ కిటికీలోంచి చూపించింది,
అదిగో, ఆ పెట్రోల్ బంకు దాకా.
ఆమె అటే చూస్తూ ఉండిపోయింది,
ఎవరో ఎకరం భూమి రాసిచ్చినట్టు.

"థాంక్స్ చెప్పండి ఆవిడకి. దయగల తల్లి."
చెప్పాను.
మేజిస్ట్రేటు కళ్లజోడు తీసింది.
"దయ కాదు. సొంత ఇంట్లో భయపడకుండా బతకడం
మనిషిగా మీ హక్కు."

హక్కు.
మా ఇంట్లో ఆ మాట గట్టు తగాదాల్లోనే విన్నాను,
సర్వేయరు గొలుసు పట్టుకొచ్చిన రోజున, మగవాళ్ల నోట.
వంటింట్లోకి వస్తే ఎప్పుడూ ప్రశ్నగానే వచ్చేది:
అడగడానికి నీకేం హక్కుంది?
ఒక కకారం కింద ఇంకో కకారం
భుజం పెట్టి మోస్తున్న మాట.
సరిగ్గా పలకడానికి నాకు రెండుసార్లు పట్టింది.

సాయంత్రం రైల్లో, నోట్లో ఇంకా ఆమె "నేను".
నారే వారెన్ దాటాక నాది గుర్తొచ్చింది.

ఎనిమిదేళ్ల కిందట, క్లేటన్‌లో, పక్క ఫ్లాటు యామిని
చెంపకి తడిగుడ్డ అదుముకుని గుమ్మంలో నిలబడితే
"ఒక్క దెబ్బకే ఇల్లు వదులుకుంటావా, సర్దుకో" అని
అల్లం టీ ఇచ్చి,
సొంత అక్కలా వాళ్ల తలుపు దాకా దిగబెట్టి వచ్చింది
నేను.
ఆ నేనుకి దుబాసీ అక్కర్లేదు.

ఫోన్లో ఆ నంబరు ఇంకా "యామిని పాలు" అనే ఉంది,
ఎప్పుడో ఒక లీటరు పాలు బదులిచ్చినందుకు.
నొక్కాను.
బెర్విక్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.
నేను దిగాల్సింది ఇక్కడే.
దిగలేదు.
మోగుతోంది.