అధికమాసం

ఉత్తరం నెత్తిన "వలస నోటీసు" అని ఉంది.
తడిసిన కోటు లోపలి జేబులోంచి తీసి
బెవర్లీ ఓడ్లింగ్ నా బల్ల మీద పరిచింది.
"నేనెక్కడికి వలసపోతాను?
గ్రిమ్స్‌బీ దాటి పోయిందల్లా స్కెగ్‌నెస్.
రెండుసార్లు.
రెండుసార్లూ వానే."

పోవాల్సింది ఆమె కాదు, ఆమెకొచ్చే డబ్బు.
టాక్స్ క్రెడిట్ అనే పాత కొంపలోంచి
యూనివర్సల్ క్రెడిట్ అనే కొత్త కొంపలోకి.
గడువు మూడు నెలలు.
నవంబరులో వచ్చిన కవరు కెటిల్ వెనక నిలబడి
రెండు నెలలు ఆవిరి పట్టుకుంది.

లైబ్రరీలో గంటకొకరికి కంప్యూటరు ఇచ్చేదాన్ని నేను.
సలహాలు చెప్పడం నా ఉద్యోగం కాదు.
కానీ పాస్‌వర్డు మూడోసారి తప్పిన మనిషి
తెర వైపు కాక తన చేతుల వైపు చూసుకుంటుంటే
పుస్తకాలు సర్దుకుంటూ ఎలా పోతాం?

ఇంట్లో ఎందరు?
ఇద్దరు. తనూ, మనవడు కాలమ్.
మధ్యలో ఉండాల్సిన కూతురికి ఆ ఫారంలో గడి లేదు.
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
పని?
రేవు దగ్గర హాడాక్ కోసే బల్ల, వారానికి ఇరవైరెండు గంటలు.
అద్దె?
పెన్నీలతో సహా చెప్పింది.
పొదుపు?

అక్కడ ఆగింది.
"బిస్కెట్ల డబ్బాలో నాలుగువందల ఇరవై.
అమ్మ సమాధికి రాయి వేయించాలని.
అదీ చూపించాలా?"
ఆరువేలు దాటితేగానీ వాళ్లు లెక్కలోకి తీసుకోరన్నాను.
"అయితే పాసయ్యానా?"
పాసయ్యావు.
నవ్వుకున్నాం, పక్క కంప్యూటరాయన తల తిప్పేదాకా.
బడిలో ఎంత ఎక్కువో చూపించి అర్హులమవుతాం,
ఇక్కడ ఎంత తక్కువో.

మొదట కొంత వదిలేసి, ఆపైన జీతంలో
ప్రతి పౌండుకీ యాభై ఐదు పెన్నీలు తగ్గిస్తారని చెప్పబోయాను.
తల పోగా, తోక పోగా, ముల్లు పోగా
ఎంత మిగులుతుందో
ఆమెకా నేను చెప్పేది!

జనవరి తొమ్మిదిన మీట నొక్కింది.
తర్వాతి ఐదు వారాలు ఎలా గడిచాయో
కాలమ్ స్కూలు బూట్లనడగాలి.
ఫిబ్రవరిలో డబ్బు పడింది. మార్చిలో, ఏప్రిల్‌లో, మేలో.
జూన్‌లోనూ పడింది,
నూట ఎనభై పౌండ్లు.

"ఏం తప్పు చేశాను?"

తప్పేం లేదు. ఒక్క గంట ఎక్కువ పని చేయలేదు.
ఫ్యాక్టరీ నాలుగు వారాలకోసారి జీతమిస్తుంది,
సర్కారు తొమ్మిదో తేదీ నుంచి ఎనిమిదో తేదీకి నెల కొలుస్తుంది.
మే తొమ్మిదిన ఒక జీతం, జూన్ ఆరున ఇంకొకటి,
రెండూ ఒకే కిటికీలోంచి దూకాయి.
బెవర్లీ ఓడ్లింగ్ ధనవంతురాలైందని
ఎక్కడో ఒక యంత్రం నమ్మేసింది.

జీతాలు పదమూడు, నెలలు పన్నెండు.
మా భాషలో దీనికో మాట ఉందన్నాను:
దుర్భిక్షంలో అధికమాసం.
విడమరిచి చెప్పాను, సూర్యుడి లెక్కా చంద్రుడి లెక్కా కుదరక
కరువులో ఒక నెల ఎక్కువ రావడమని.
శ్రద్ధగా విని అడిగింది,
"ఆ నెలక్కూడా అద్దె కట్టాలా?"

డబ్బా మూత తీసే ఉంటుంది, నాకు చెప్పలేదు.
"అమ్మకేం తొందర లేదులే" అని మాత్రం అంది.

వెళ్లబోతూ గోడ మీది క్యాలెండరు చూపించింది.
మళ్లీ ఎప్పుడొస్తుంది ఈ నెల?
వేళ్ల మీద లెక్కపెట్టాం, రెండుసార్లు తప్పాం.
వచ్చే ఏడు ఏప్రిల్ పది, మే ఎనిమిది.
తన చిన్న డైరీ చివరి అట్ట మీద రాసుకుని
చుట్టూ సున్న చుట్టింది.

పెన్నిస్తే వద్దంది.
"పెన్సిలే ఇవ్వు.
అప్పటికి రూలు మార్చేస్తారు."