తాడు టికెట్టు

బేసిన్ బ్రిడ్జి పక్క పాత ఇనుము కొట్లో
బకెట్ల కింద కనబడింది
చెంగల్రాయ బోట్ సర్వీసు వారి రేకు బోర్డు.

సూళ్లూరుపేట నుంచి మదరాసుకి
మనిషికి పన్నెండణాలు,
చంకబిడ్డకి ఊరికే,
కోడిపుంజుకి అణా, కాళ్లు కట్టి ఉంటేనే.
గాలి పడిపోతే
ఆలస్యానికి కంపెనీ పూచీ లేదు.

అట్టడుగున, తుప్పు తినగా మిగిలిన వరస:
తాడు లాగేవారికి చార్జీ లేదు.

మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం
తాత పడవెక్కి పట్నం వచ్చాడని.
ఎక్కడెక్కాడు!
రెండు రాత్రులు కాలువ గట్టు మీద
రొమ్ముకి అడ్డంగా తాడేసుకుని
లోపల గురకపెడుతున్న పన్నెండణాల వాళ్లని
ఎన్నూరు ఉప్పుమళ్ల పక్కగా ఈడ్చుకొచ్చాడు.

ఎడమ భుజం మీంచి దిగే ఆ నున్నటి చారని
జంద్యమా తాతా అని అడిగాను చిన్నప్పుడు.
టికెట్టురా, అన్నాడు.
నవ్వులాటకనుకున్నాను.

కంపెనీ ఎప్పుడు మూతపడిందో బోర్డు చెప్పదు.
అటు మైలాపూరు వైపు కాలువ నడుమ
రైలు స్తంభాలు దిగాయి.
ఇక్కడ నీళ్లు నల్లగా, ఎటూ పోకుండా.

కొట్టువాడు తూకం వేశాడు:
రెండు కిలోల మూడొందలు.
బేరమాడలేదు.
భుజాన పెట్టుకుంటే
అంచు గుచ్చుకుంటోంది.