పడమటి గాలి

కొలతల టేపుతో వచ్చిన అధికారి
వంపు తిరిగిన ఓక్ దూలానికి పెన్సిలంత రంధ్రం వేసి
వలయాలు లెక్కపెట్టించి చెప్పాడు:
ఆరువందల ఏళ్ళ కిందటి చలికాలంలో కొట్టిన చెట్టు.
ఇకమీదట అనుమతి లేనిదే మేకు కూడా దిగకూడదు.

టెగ్వెన్ తలూపింది.
ఆమెకు తెలిసిన లెక్క వేరు.
ఎదురెదురు తలుపులు రెండూ బార్లా తీసి
నడుమ కళ్ళంలో ఓట్లు తూర్పారబట్టేవాడు తాత.
మన మాటలో తూర్పు ఉంది గానీ
ఈ వేల్స్ కొండల్లో గాలి పడమటిదే,
సముద్రపు తడి మోసుకొచ్చేది.
పొల్లు అవతలి తలుపులోంచి ఎగిరిపోయేది,
గింజ ఆమె పాదాల మీద రాలేది.

ట్రాక్టరు ఈ తలుపులో పట్టదు.
పట్టనందుకే ఎవరికీ అక్కర్లేక మిగిలింది కొట్టం.
ఆ మాట కాగితాల్లో రాయరు.

సంతకాలు కాకముందే
మూల గడ్డిలో గొర్రె మూలిగింది.
పిల్ల అడ్డం తిరిగింది.
"లైటు పట్టుకో" అంది టెగ్వెన్,
మోచేతుల దాకా సబ్బు రాసుకుంటూ.
"దీనికి అనుమతి అక్కర్లేదుగా?"
అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు,
కొత్త ప్యాంటు సంగతి మరిచి.

ఆవిరి కక్కుతూ పిల్ల లేచి నిలబడేసరికి
దాని వెనక కాళ్ళకు
పచ్చటి టేపు చుట్టుకుని ఉంది.
కాసేపు ఎవరూ విప్పలేదు.